టొలేడోలో మేం ఎక్కని కొండ

తిరుత్తణిలో మా ఇల్లు కొండ కిందే ఉంది. మిద్దె ఎక్కితే గుడి మెట్ల దారి, ఆటోలు పోయే రోడ్డు రెండూ కనిపిస్తాయి. పోయిన ఆడికృత్తిక పండగకు మొక్కు కావళ్ళు మా వీధి గుండానే పోయాయి. పసుపు బట్టలు కట్టుకున్నవాళ్ళకు పక్కింటివాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి పోస్తుంటే మా వాకిలి మూసి ఉంది. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా కొండ మీది దేవుడి దగ్గరికి పోకూడదని మా వైపు ఆచారం. పండగనాడు పొయ్యి మీద బాణలి పెట్టకూడదు. వడలూ బూరెలూ ఇరుగుపొరుగువాళ్ళు తెచ్చి ఇస్తే తినవచ్చు, మేం చెయ్యకూడదు. మా ఇంట్లో పోయింది నా భార్య.

ఇంట్లో మిగిలింది నేనూ మా అక్కా. అక్క నాకు అత్త కూడా. మా కుటుంబాల్లో అక్క కూతుర్ని చేసుకోవడం ఉండేది, మా తరంతో దాదాపు ఆగిపోయింది. నా భార్య పుట్టినప్పుడు నేను బడికి పోతున్నాను. ఆమె ఉయ్యాల ఊపినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మాటలు వచ్చినప్పుడు నన్ను మామా అంది. పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు, ఆసుపత్రిలో చివరి రోజుల్లోనూ అదే. నేను మాత్రం అక్కను అత్తా అని ఎప్పుడూ పిలవలేదు. నోరు తిరగలేదు. బావ పోయినప్పటి నుంచి అక్క మాతోనే ఉంది. కూతురు కూడా పోయాక మేమిద్దరం చిన్నప్పటిలాగా మళ్ళీ ఒక ఇంట్లో అక్కా తమ్ముళ్ళుగా మిగిలాం. ఒకే మనిషి కోసం ఏడ్చేవాళ్ళు ఒకరికొకరు తోడవుతారని పలకరించడానికి వచ్చినవాళ్ళు అన్నారు. మా విషయంలో అది జరగలేదు. ఆమెను కన్నతల్లి ముందు నా దుఃఖం పెట్టడానికి నాకు సిగ్గుగా ఉండేది. అక్కకు కూడా అట్లాంటిదే ఏదో ఉండి ఉంటుంది. నెలల తరబడి మా ఇంట్లో నా భార్య పేరు ఎవరి నోటా రాలేదు.

నా భార్య తిరువళ్ళూరులో ఒక బళ్ళో సాంఘికశాస్త్రం చెప్పేది. నాదీ అక్కడే ఆఫీసు ఉద్యోగం. చాలా ఏళ్ళు ఇద్దరం ఒకే కరెంటు రైల్లో పోయి వచ్చాం. నేను పుస్తకం చదువుకునేవాణ్ణి. ఆమె ఒళ్ళో సంచీ పెట్టుకుని పరీక్ష పేపర్లు దిద్దేది. ఒకసారి ఎవరో పారేసిన పాత క్యాలెండరు నుంచి ఒక బొమ్మ చించి తెచ్చింది. కొండ మీద ఊరు, ఊరికి మూడు వైపులా ఏరు. అడుగున ఇంగ్లీషులో టొలేడో, స్పెయిన్ అని ఉంది. ఏరు రాతిని ఎట్లా కోస్తుందో, కందకం తవ్వే అవసరం లేకుండా ఊరికి ఏరే ఎట్లా కాపలా అయిందో పిల్లలకు చెప్పడానికి తెచ్చింది. పాఠం అయిపోయాక ఆ బొమ్మ మా బీరువా తలుపుకు లోపలివైపు చేరింది. పొద్దున చీర తీసుకునేటప్పుడు రోజూ కనబడేది.

"మన నందియేట్లో నీళ్ళుంటే మన కొండా ఇట్లనే ఉండును గదా మామా," అనేది.

నందియేట్లో పెద్ద వానలకు తప్ప నీళ్ళుండవు. రిటైరయ్యాక ఆ ఊరు చూడాలని ఆమె చాలాసార్లు చెప్పింది. నగలు, చీరలు, ఇల్లు, ఇంక దేన్ని గురించీ ఆమె అట్లా అడగలేదు.

మా కూతురూ అల్లుడూ చెన్నైలో ఉంటారు. అల్లుడు గుమ్మిడిపూండిలో ఫ్యాక్టరీకి పోయి వస్తాడు. నా భార్య జబ్బు బయటపడకముందే వాళ్ళు మా నలుగురికీ స్పెయిన్ ప్రయాణం అనుకున్నారు. ఆమె పోయాక మానేద్దామన్నాను. కూతురు ఒప్పుకోలేదు. అమ్మ చూడాలనుకున్నది మనమైనా చూడాలి అంది. ఆ మాటకు నేను లొంగిపోయాను. నిజానికి నేను అంత దూరం పోయింది ఆ ఒక్క పనికే. ఆమె చూడాలనుకున్నది నా కళ్ళతో చూసి రావాలి. అక్కను ఇంట్లో ఒక్కదాన్నే వదిలి పోలేం గనుక నాలుగో చోటు ఆమెకు వచ్చింది. ఏడాది తిరగకుండా సముద్రం దాటవచ్చా అని చుట్టాలు అడిగారు.

"సముద్రం గురించి ఎవురూ చెప్పలేదు. కొండ ఎక్కద్దన్నారు, అంతే," అంది అక్క.

అప్పుడు అందరం నవ్వాం. ఆమె ఆ మాట ఎంత నిజంగా అన్నదో ఎవరం పట్టించుకోలేదు.

మాడ్రిడ్ నుంచి టొలేడోకు రైల్లో పోయాం. ఊరి కింద, స్టేషనుకు దగ్గరగా రెండు గదులు తీసుకున్నారు. సామాను పెట్టి, కాఫీ తాగి, కొండ పాదానికి నడిచాం. ఆ ఊళ్ళో పైకి పోవడానికి కొండను తొలిచి కదిలే మెట్లు పెట్టారు. మన షాపింగ్ మాల్లో ఉంటాయే, అట్లాంటివే, కాకపోతే ఒకదాని మీద ఒకటిగా కొండంత పొడుగునా. జనం వాటి మీద నిలబడి ఫోన్లు చూసుకుంటూ పైకి పోతున్నారు. అక్క మొదటి మెట్టు దగ్గర ఆగింది.

"పైన ఏముండాది?"

అల్లుడు ఫోను చూసి చెప్పాడు. కోట, పాత వీధులు, ఎన్నో వందల ఏళ్ళ నాటి పెద్ద చర్చి.

"అంటే కొండ మీద గుడి."

"చర్చి, అవ్వా. మన దేవుడు కాదు," అంది కూతురు.

"దేవుడు ఎవురిదైతే ఏమి. కొండ కొండే. ఏడాది తిరగలేదు. మీరు పోయిరాండి."

అల్లుడికి తమాషా చేసి ఏ పనైనా జరిపించగలనని నమ్మకం. ఏరోప్లేన్లో మన కొండ కన్నా ఎంతో పైకి వచ్చినాం గదా అవ్వా అన్నాడు. అక్క అతన్ని తేరిపార చూసి, "ఆడ గుడి యాడుండాది నాయినా?" అంది. మా వెనక నిలబడిన ఎవరో దారి ఇమ్మంటే మేం నలుగురం గోడకు ఆనుకున్నాం. కూతురు ఇంకో ప్రయత్నం చేసింది. ఎక్కాల్సిన పని లేదవ్వా, నిలబడితే చాలు, అదే తీసుకోని పోతాది అని బతిమాలింది. అక్క ఆ మెట్లు నేలలో నుంచి పుట్టి పైకి పోవడాన్ని కాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది.

కోపం వస్తే నా కూతురు తమిళంలోకి మారుతుంది. అమ్మ కోసం ఇంత దూరం వచ్చి కింద కూర్చుని పోవడమా అప్పా అని నన్ను తమిళంలో అడిగింది. ఆమె చదివింది తమిళ బళ్ళో. తెలుగు అక్షరాలు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది గానీ చదవడం పట్టుబడలేదు. ఇది కూడా ఆమె చదవలేదు. ఎవరైనా చదివి వినిపించాలి. ఆ సంగతి తెలిసే నేను కాస్త తేలిగ్గా రాయగలుగుతున్నానేమో.

వాళ్ళిద్దర్నీ పొమ్మని చెప్పి నేను అక్కతో ఉండిపోయాను. తెలియని ఊళ్ళో, భాష రాని మనిషిని బెంచీ మీద వదిలి పోలేను. నేనూ ఆ ఏడాదిలోనే ఉన్నాను. తిరుత్తణి కొండ నేనూ ఎక్కలేదు. కాకపోతే నాకు దాని మీద నమ్మకం ఉండి కాదు. ఇంట్లో గొడవ ఎందుకని, అక్క మాట అని, ఎక్కలేదు. ఆ తేడా నాకు అప్పుడు పెద్దదిగానే అనిపించింది.

ఏటి ఒడ్డుకు నడిచాం. పాత రాతి వంతెన ఒకటి, దాని పక్కన కూర్చోవడానికి రాతి అరుగు. ఏరు పచ్చగా, తొందరగా పోతోంది. రెండు వైపులా నిలువు రాయి. తల ఎత్తితే గోడలూ, ఇళ్ళ వెనక భాగాలూ, ఎవరో ఆరేసిన దుప్పటీ. ఆ ఊరి గురించి నేను పుస్తకాల్లో చాలా చదివాను. చదివినదేదీ ఆ అరుగు మీద నుంచి కనబడలేదు. అక్క ఏటినే చూస్తూ ఒక్క మాట అంది.

"నీళ్ళు నిండుగా పోతా ఉండాయి."

ఆ తర్వాత ఏదో అనబోయి ఆగింది. ఆమె ఏ ఏటిని తలుచుకుందో నాకు తెలుసు. ఎవరి మాట నోటి దాకా వచ్చి ఆగిందో కూడా తెలుసు. నేను అవునన్నాను. ఒక మనిషి కుక్కను తిప్పుతూ పోతూ మాకు నమస్కారం లాంటిదేదో చెప్పాడు. అక్క అతనికి నిజంగానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

ఎండ తగ్గకముందే పిల్లలు దిగి వచ్చారు. పైన అమ్మే బాదంపప్పు మిఠాయి తెచ్చారు. మనం చేసింది కాదు గదా అని అడిగి, అక్క చిటికెడంత తుంచి నోట్లో వేసుకుంది. కూతురు కోపం అప్పటికి తగ్గింది. ఫోను నా చేతికిచ్చి ఫోటోలు చూపించింది. మనిషి భుజాలు రెండు గోడలకూ తగిలేంత సన్నటి సందులు, కత్తులు అమ్మే అంగళ్ళు, చర్చి తలుపు, చర్చి గోపురం, ఐస్‌క్రీం చేత్తో పట్టుకున్న అల్లుడు. నేను ముందుకూ వెనక్కూ జరిపి అన్నీ చూశాను. బీరువా తలుపు మీది బొమ్మ వాటిలో లేదు. ఒక్క ఫోటోలోనూ ఏరు కూడా లేదు. పిల్లలు సరిగ్గా చూసి ఉండరు, నేను పోతే దొరుకుతుంది అనుకున్నాను. రేపు పొద్దున నేనూ ఒకసారి పైకి పోయి వస్తానని అందరికీ వినబడేట్టు చెప్పాను. అక్క ఏమీ అనలేదు. మా అక్క వద్దని చెప్పే పద్ధతి అదే.

మర్నాడు పొద్దున కూతురు వేరే ఏర్పాటు చేసుకుని వచ్చింది. చూడవచ్చినవాళ్ళను ఊరి చుట్టూ తిప్పే చిన్న బస్సు ఒకటి ఉంది. అది కొండ ఎక్కదు, ఏటికి అవతల రోడ్డు మీద చుట్టి వస్తుంది, అవ్వ కూడా రావచ్చు, ముందు అందరం అది చూద్దాం, తర్వాత నువ్వు పైకి పో అప్పా అంది. తెలిసి చెప్పిన అబద్ధం కాదు. ఆమెకు అట్లాగే చెప్పారు, ఆమె అట్లాగే నమ్మింది. అక్క కిటికీ పక్కన కూర్చుంది. బస్సు వంతెన దాటి మలుపులు తిరిగింది. రోడ్డు పైకి లేస్తున్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది. నేను ఏమీ అనలేదు. ఒక మలుపులో నడుమెత్తు రాతి గోడ దగ్గర బస్సు ఆపి, కాసేపు దిగమన్నారు.

గోడ దగ్గరికి పోయి చూస్తే, ఎదురుగా ఆ బొమ్మ ఉంది.

కొండ, దాని మీద ఊరు, ఒక కొసన కోట, మధ్యలో చర్చి గోపురం, అడుగున మూడు వైపులా తిరిగిపోతున్న ఏరు. ఆ క్యాలెండరు ఫోటో తీసినవాడు ఈ గోడ దగ్గరే నిలబడి ఉండాలి. ఊళ్ళోకి పోతే కనబడేది ఊళ్ళోని వీధులు. ఆమె చూడాలనుకున్న ఊరు ఏటికి ఇవతలి నుంచే కనిపిస్తుంది. అంత చదివిన నాకు ఇంత చిన్న సంగతి తట్టలేదు. నేను గోడ మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను. నా పక్కన ఆమె నిలబడవలసిన చోట మా అక్క నిలబడి ఉంది.

"ఇది బీరువా తలుపుకుండేది గదా," అంది అక్క.

అవునన్నాను. ఆమె వెనక్కి తిరిగి ఎక్కడైనా కూర్చునే చోటు ఉందేమో చూసింది. రోడ్డుకు అవతల, కాస్త ఎత్తున, చిన్న గుడి లాంటి కట్టడం ఉంది. నెత్తిన సిలువ, దాని కింద గంట. అక్క దాన్ని చూసింది. తర్వాత మేం వచ్చిన రోడ్డును చూసింది. అది మలుపులు మలుపులుగా ఏటి దాకా దిగిపోతోంది. ఆమె ముఖంలో రంగు మారడం నాకు కనబడింది.

"ఇదీ కొండే," అంది.

కూతురికి అప్పుడు అర్థమైంది. నాకు తెలీదు అవ్వా, నిజంగా తెలీదు అని రెండు మూడుసార్లు చెప్పింది. అల్లుడు, "బస్సు ఎక్కినాం గానీ కొండ ఎక్కలేదవ్వా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను వాళ్ళిద్దర్నీ కాసేపు అటు పొమ్మని సైగ చేశాను. అక్క గోడకు ఆనుకుని, ఊరికి వీపు పెట్టి నిలబడింది. నాకు చిరాకు వేసింది, అది దాచుకోవడానికి కష్టపడ్డాను. దేవుడు ఇంత చిన్న దానికి కోపం చేసుకోడు అక్కా అన్నాను.

"దేవుడికి బయపడి కాదురా," అంది. గొంతు మామూలుగానే ఉంది. "నా బిడ్డకు నేనేం చేసినాను చెప్పు. కడాన నోట్లో నీళ్ళు పోసింది నువ్వు. కొరివి పెట్టింది నువ్వు. దినాలు చేసింది నువ్వు. నేను పక్కన కూసోని చూసినాను. నాకని మిగిలింది ఇదొకటే, కొండ ఎక్కకుండా ఉండేది. పొద్దున లేస్తే, ఈ పొద్దు కూడా దానికోసరం ఎక్కలేదు అనుకుంటా. అదీ పోయిందా ఇప్పుడు?"

ఆ మాటలకు నేను సిద్ధంగా లేను. ఇన్ని నెలలూ ఆమెది ఆచారం అనుకున్నాను. ఆమెకు రోజూ చేసే పని ఒకటి ఉందని నాకు తెలియదు. చెయ్యకుండా ఉండడమే ఆ పని.

"నిజం చెప్పు. నేను ఎక్కినట్టేనా?"

నన్ను ఆమె అట్లా అడగడం మా ఇద్దరి జీవితంలో అదే మొదలు. పెద్దది ఆమె. ఇంట్లో ఏది చెయ్యవచ్చో ఏది చెయ్యకూడదో చెప్పేది ఆమె. నేను ఏటి వైపు చూపించాను.

"లేదక్కా. కొండ అదిగో, ఏటికి అవతల. మనం ఇవతల ఉండాం. ఇది దాన్ని చూసే చోటు, అంతే. నువ్వు ఎక్కలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నాకు వీటిలో నమ్మకం లేదని ఆమెకు తెలుసు. అయినా నా మాట పట్టుకుంది, వేరే పట్టుకోవడానికి ఏమీ లేదు గనుక.

"సరే," అంది.

అప్పుడు నేను నా భార్య పేరు పలికాను. ఆమె చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన పేరు. ఆ క్యాలెండరు కాగితం ఆమె ఎట్లా చించి తెచ్చిందో, రైల్లో నలగకుండా నా పుస్తకంలో ఎట్లా పెట్టించిందో చెప్పాను. అక్క ఊరి వైపు తిరిగింది.

"మూల చిరిగింది గదా," అంది. "అన్నం మెతుకు పెట్టి అతికిచ్చింది నేనే. బడికి టైమైపోయిందని అది రైలుకు పరిగెత్తింది."

అది నాకు తెలియదు. ఆ మూల నేను ఎన్నిసార్లు చూశానో. ఆ గోడ దగ్గర ఇంకొంచెంసేపు మాట్లాడుకున్నాం. తర్వాత బస్సు హారను కొట్టారు. ఆ పొద్దు మాట్లాడినంత మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. మాట్లాడుకుంటాం అని బస్సు ఎక్కేటప్పుడు అనుకున్నాను.

కింద దిగాక, రైలుకు ఇంకా టైముందని కూతురు గుర్తు చేసింది. అవ్వ దగ్గర నేనుంటాను, నువ్వు పైకి పోయి చూసి రా అప్పా అంది. నేను వద్దన్నాను. ఇంత దూరం వచ్చి ఊళ్ళోకి పోకుండా పోతారా మామా అని అల్లుడు ఆశ్చర్యపోయాడు. నా భార్య నోట విన్న పిలుపు ఇప్పుడు అతని నోట మాత్రమే వింటున్నాను. ఇద్దరికీ అది ఒకటే మాట అని సర్దుకోవడం ఇంకా నేర్చుకోలేదు. చూశాను నాయినా, చాలు అన్నాను. కొండ అంటే అదే అని అక్కకు చెప్పాను. చెప్పినవాణ్ణి నేనే దాన్ని ఎక్కితే, నేను చెప్పింది ఊరికే చెప్పింది అవుతుంది. ఇది కూతురికి వివరించలేదు. ఆమె నాకు కాళ్ళు నొప్పులనుకుంది. అక్క కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని నన్ను ఒకసారి చూసింది, మళ్ళీ కప్పులోకి చూసుకుంది.

ఊరికి వచ్చాక తెలిసినవాళ్ళు స్పెయిన్లో ఏం చూశారని అడిగారు. టొలేడో చూశామని చెబితే, లోపల చర్చి ఎట్లా ఉంటుందని తిరువళ్ళూరులో నాతో పనిచేసిన ఒకాయన అడిగాడు. తెలియదు అన్నాను. ఆయన మాట మార్చాడు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం నేనే పెట్టాను. వచ్చిన చుట్టాలు తిని, చేతులు కడుక్కుని, ఇంక మీరు కొండకు పోవచ్చు, పండగలు చేసుకోవచ్చు అని చెప్పి సాయంత్రానికి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున అక్క బీరువా తెరిచింది. పంచిపెట్టే ముందు ఒకసారి తడిపి ఆరెయ్యాలని నా భార్య చీరలన్నీ బయటికి తీసింది. ఖాళీ అయిన బీరువా తలుపు మీద ఆ బొమ్మ ఒక్కటే మిగిలింది. దాన్ని ఇద్దరం చూశాం. తియ్యమని ఆమె అనలేదు, తీస్తానని నేను అనలేదు.

"నువ్వు పోయిరా పైకి," అంది. "నేను ఇంకా కొన్నాళ్ళు చూస్తా."

ఎన్నాళ్ళు అని అడగలేదు. నేను ఆటో ఎక్కకుండా మెట్ల మీద నడిచే పోయాను. ఆ మెట్లు నా భార్య లేకుండా నేను ఎక్కడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. మామూలు రోజు గనుక జనం పలచగా ఉన్నారు. లోపలికి పోయి దండం పెట్టుకుని, వెలుపలికి వచ్చి, ఊరి వైపు ఉన్న గోడ దగ్గర నిలబడ్డాను. మా వీధి వెతకడానికి కాస్త టైం పట్టింది. అన్ని మిద్దెలూ ఒకటే మాదిరిగా ఉన్నాయి. తీగ మీద ఆరేసిన చీరలను చూసి మా మిద్దె పట్టుకున్నాను. ఆకుపచ్చది, బడికి ఎక్కువగా కట్టేది. దాని పక్కన తేనెరంగుది. చివర ఉన్నది ఏదో అంత దూరం నుంచి పోల్చుకోలేకపోయాను. చీరల మధ్య మా అక్క నిలబడి ఉంది, వేలంత మనిషి. పైకి చూస్తోందో, ఊరికే నిలబడిందో తెలియలేదు. నేను చెయ్యి ఎత్తాను. తర్వాత దించేశాను.